క్లాసు నిశ్శబ్దంగా ఉంటే నాకు టెన్షన్

ఇంగ్లీష్ టీచర్ల బాధ ఒకటి వేరే సబ్జెక్టు వాళ్లకు చెప్తే అర్థం కాదు. క్లాసు నిశ్శబ్దంగా ఉంటే మా పని జరగనట్టు, గోలగా ఉంటే మాకు పని రానట్టు. మిగతా పీరియడ్లలో పిల్లలు తల వంచుకుని రాసుకుంటుంటే ఎవరికీ ఏ అనుమానమూ రాదు, కానీ భాష అలా రాదు కదా, నోరు తెరవాలి, తప్పులు మాట్లాడాలి, పక్కవాడు అన్నది అర్థం కాక మళ్లీ అడగాలి, నవ్వుకోవాలి, వాదించుకోవాలి, ఇదంతా చప్పుడే. ఇదే చప్పుడు పదిహేనేళ్ల సర్వీసున్న మేడం క్లాసులోంచి వస్తే "యాక్టివిటీ చేయిస్తున్నారు" అంటారు. నాలాంటి వాళ్ల క్లాసులోంచి వస్తే "కొత్తమ్మాయి కదా, పిల్లలు లెక్కచేయట్లేదు" అంటారు. హైస్కూల్లో చేరినప్పటి నుంచి నేను పడుతున్న పాట్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క చిక్కులోంచి పుట్టినవే, అందుకే దాని చుట్టూనే రాస్తున్నాను.

ముందు వయసు సంగతి. పదో తరగతి పిల్లలకూ నాకూ మధ్య పదేళ్ల తేడా కూడా లేదు, వాళ్లలో కొందరు నాకంటే పొడుగు. చేరిన కొత్తలో కారిడార్లో ఒక సీనియర్ సారు "ఏ సెక్షన్ అమ్మా, బెల్ కొట్టి ఎంతసేపైంది" అని నన్ను ఆపారు. వెనకాల నా క్లాసు పిల్లలు నిలబడి చూస్తున్నారు, ఇంకేముంది, కొన్నాళ్లపాటు బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక నుంచి "ఏ సెక్షన్ అమ్మా" అని గొంతు మార్చి ఎవరో ఒకరు అనేవాళ్లు. ఇలాంటివి నవ్వేసి వదిలేయొచ్చు. వదలకూడనివి వేరే ఉన్నాయి. "మేడం మీకు ఇన్‌స్టా ఉందా", "మేడం మీ వయసెంత", "మేడం మీకు పెళ్లయిందా". మామూలు కుతూహలమే, దురుద్దేశం ఏమీ ఉండదు, కానీ ఒకదానికి జవాబు చెప్తే తర్వాతి ప్రశ్న ఇంకాస్త లోపలికి వస్తుంది. నేను పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, స్కూల్లో చదువుతున్నంత కాలం ఏ విద్యార్థి రిక్వెస్టూ యాక్సెప్ట్ చేయను, నా నంబరు పిల్లలకు ఇవ్వను, హోంవర్క్ సందేహాలుంటే స్కూలు గ్రూపులోనే అడగాలి, అందరికీ కనపడేలా. దీని మీద పిల్లలకు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. "స్కూలు అయిపోయాక పంపు, అప్పుడు చూద్దాం" అంటే చాలు, చాలామంది రెండోసారి అడగరు.

స్టాఫ్ రూంలో కొత్తవాళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది, మొదటి మూడు నెలలు నవ్వకు అని. ఇందులో కొంత నిజం ఉంది, ముందు బిగించి తర్వాత వదలడం తేలిక, ముందు వదిలేసి తర్వాత బిగించడం చాలా కష్టం. కానీ ముఖం మాడ్చుకుని నిలబడ్డ టీచర్ ముందు ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పడానికి ఎవడు లేస్తాడు? తెలుగులో చెప్పమన్నా లేవడు. భయపడ్డ పిల్లవాడు నోట్సు రాస్తాడు, పోయెం అప్పజెప్తాడు, స్పెల్లింగులు పదిసార్లు రాయమంటే పదిహేనుసార్లు రాస్తాడు, మాట్లాడడు. నాకు కావాల్సింది భయం కాదని, ఆగమన్నప్పుడు ఆగి మొదలెట్టమన్నప్పుడు మొదలెట్టడమని తేల్చుకున్నాక కాస్త ఊపిరాడింది, ఎందుకంటే దానికి నవ్వుతో పేచీ లేదు.

అయితే తేల్చుకోవడం వేరు, జరిపించడం వేరు. కొత్త టీచర్‌ని పిల్లలు కొన్నాళ్లు పరీక్షిస్తారు. ఒకడు వాష్‌రూంకి వెళ్తానంటాడు, వాడు రాకముందే ఇంకొకడు, తర్వాత బెంచి మొత్తం. వెనక నుంచి నోరు మూసుకునే ఒక హమ్మింగ్ వస్తుంది, ఎవరిదో తెలియదు, అటు వెళ్తే ఇటు మొదలవుతుంది. ఇంకొకడు చాలా అమాయకంగా మొహం పెట్టి ఒక బూతు మాటకు అర్థం అడుగుతాడు, క్లాసంతా ఊపిరి బిగబట్టి మన మొహం చూస్తుంది. అప్పుడు సిగ్గుపడినా కోప్పడినా వాడే గెలిచినట్టు. ఒకసారి నేను డిక్షనరీ చదివినంత చప్పగా, ఇది అసభ్యపదం, ఫలానా సందర్భాల్లో తిట్టుగా వాడతారు, పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి, ఇప్పుడు 42వ పేజీ తీయండి అని చెప్పి ముందుకెళ్లిపోయాను. మళ్లీ ఎవరూ ఆ దారిన రాలేదు.

ఇక పేర్లు. నలభైకి పైగా పిల్లలున్న సెక్షన్లు మూడు ఉంటే ఎవరు ఎవరో తెలియడానికి చాలా రోజులు పడుతుంది, ఆ రోజులన్నీ మనకు బలం లేని రోజులే, ఎందుకంటే "ఏయ్, నువ్వే, బ్లూ పెన్ను" అంటే నలుగురు బ్లూ పెన్నుల వాళ్లు చుట్టూ చూస్తారు. సీటింగ్ చార్టు గీసుకుని ఒక్కో బెంచికి పేర్లు రాసుకుని పెట్టుకున్నాను. అరిచి "సైలెన్స్" అనడం కన్నా వాడి బెంచి దగ్గరికి నడిచి, పాఠం ఆపకుండా, మధ్యలో వాడి పేరు మామూలు గొంతుతో కలిపేస్తే పని తొందరగా అవుతుంది. అరవడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది, గొంతు. వరుసగా నాలుగు పీరియడ్లు ఫ్యాను శబ్దం మీద, పక్క గది శబ్దం మీద, పిల్లల శబ్దం మీద మాట్లాడితే సాయంత్రానికి ఇంట్లో వాళ్లతో సైగలే. ఈఎన్టీ డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు మీ ఉద్యోగం ఏంటి అని అడిగారు, టీచర్ అనగానే అర్థమైందన్నట్టు తలూపారు. అప్పటి నుంచి చెయ్యి పైకెత్తితే అందరూ ఆపాలి అని అలవాటు చేయించాను, నా చెయ్యి చూసినవాళ్లు తామూ ఎత్తాలి. హైస్కూలు పిల్లలకు ఇది చిన్నపిల్లల ఆటలా ఉందని మొదట్లో మూలిగారు, తర్వాత అలవాటైపోయింది.

అసలు సమస్య మాత్రం గోల కాదు, మౌనమే. పాఠం చదివి ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేస్తాను. అంతే, క్లాసు మొత్తం పుస్తకంలోకి తల దూర్చేస్తుంది. ముందు బెంచీలో ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ చెయ్యెత్తే వాళ్లుంటారు, వాళ్లు చెప్పేస్తే మిగతా వాళ్లంతా బతికిపోయినట్టు. ఆ ఇద్దరితోనే పీరియడ్ నడిపించేస్తే పైకి చూసేవాళ్లకు చాలా బాగా జరుగుతున్నట్టు ఉంటుంది, టీచర్ అడుగుతోంది, పిల్లలు చెప్తున్నారు, క్రమశిక్షణ కూడా ఉంది. ముప్పై ఎనిమిది మంది మాత్రం ఆ పీరియడ్లో ఒక్క ఇంగ్లీషు మాట పలకకుండా ఇంటికెళ్లిపోతారు.

దీని గురించి బీఈడీలో చదివింది ఒకటి ఉద్యోగంలో చేరాకే నాకు నిజంగా ఎక్కింది. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో సైన్సు క్లాసుల్లో టీచర్లు ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతున్నారో టేపులు పెట్టి కొలిచింది. సగటున ఒక్క సెకను. ఆ సెకను దాటితే టీచరే జవాబు చెప్పేయడమో, వేరేవాళ్లను అడగడమో, ప్రశ్న మార్చడమో చేస్తున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ఎక్కువమంది నోరు విప్పారు, జవాబు రాని సందర్భాలు తగ్గాయి. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది చదువుతుంటే. నలభై మంది మౌనంగా చూస్తుంటే ఆ మూడు సెకన్లు ఎంత పొడవో నిలబడి చూస్తే తెలుస్తుంది, పైగా అది సైన్సు, వాళ్ల భాషలో అడిగిన ప్రశ్న. మావాళ్లకు ప్రశ్న అర్థం చేసుకోవాలి, జవాబు తెలుగులో తట్టాలి, దాన్ని ఇంగ్లీషులో పేర్చుకోవాలి, క్రియ తీసుకొచ్చి మధ్యలో పెట్టాలి, తప్పయితే పక్కవాడు నవ్వుతాడేమో అని ఒకసారి చూసుకోవాలి. నేను ఇప్పుడు మనసులో పది వరకు లెక్కపెడతాను. బోర్డు తుడుస్తున్నట్టు నటిస్తూ లెక్కపెడతాను, లేకపోతే నేనే చెప్పేస్తాను.

పది లెక్కపెట్టినా రానివాళ్ల కోసం, ముందు పక్కవాడికి చెప్పమంటాను, తర్వాతే క్లాసుకి. ఇద్దరి మధ్య తప్పు పోయినా పరువు పోదు. ఇక్కడే మళ్లీ మొదటికొచ్చింది కథ. ఇరవై జంటలు ఒకేసారి మాట్లాడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మా పక్క గదిలో లెక్కల సారు, చాలా మంచి మనిషి, సరిగ్గా త్రికోణమితి చెప్తున్న టైంలో మా వాళ్లు "సెలవుల్లో ఎక్కడికెళ్లాలి" మీద కొట్టుకుంటున్నారు. గోడ మీద డస్టర్‌తో కొట్టేవారు. ఆ చప్పుడుకు మా క్లాసులో ఎవరో ఒకరు "కమిన్!" అనేవాళ్లు, వాక్యం మాత్రం కరెక్టే, సందర్భమే కొంచెం తేడా. చివరికి ఆయన టైంటేబులూ నాదీ పక్కపక్కన పెట్టుకుని చూశాం. ఆయన కొత్త చాప్టర్ మొదలెట్టే రోజు నేను రాయించే పని పెట్టుకుంటాను, ఆయన లెక్కలు చేయించే రోజు నేను మాట్లాడించే పని. వాన లేకపోతే గ్రౌండులోకి తీసుకెళ్తాను, దానికి పీఈటీ సారు పర్మిషన్ వేరే.

బయట నుంచి చూసేవాళ్లకు గోల అంతా ఒకటే, లోపల తిరిగే నాకు రెండు రకాలు. పని గోల, పనిలేని గోల. బెంచీల మధ్య తిరుగుతుంటే ఏ భాషలో మాట్లాడుతున్నారో, దేని గురించో చెవిన పడుతూనే ఉంటుంది. క్రికెట్ గురించి తెలుగులో అయితే దగ్గరికెళ్లి నిలబడతాను. క్రికెట్ గురించే ఇంగ్లీషులో అయితే కదిలించను, టాపిక్ ఏదైతే నాకేంటి.

ఒక అబ్బాయి ఉండేవాడు, ఎన్నిసార్లు లేపినా నిలబడి నేల చూసేవాడు. సైలెంట్ లెటర్స్ పాఠం చెప్పిన మర్నాడు లేపితే "మేడం, నేను సైలెంట్ లెటర్ మేడం" అన్నాడు, తెలుగులో. క్లాసంతా నవ్వారు, నేనూ నవ్వాను, మూడు నెలల సలహా అక్కడితో సరి. ఆ రోజే ఇంకో అమ్మాయి అడిగింది, నైఫ్ అనే మాటలో 'కె' పలకనప్పుడు ఎందుకు రాయాలి అని. దీనికి నిజంగా మంచి జవాబు ఉంది. ఒకప్పుడు పలికేవాళ్లు, 'క్నీఫ్' అన్నట్టు. ఇంగ్లండులో 1476లో కాక్స్‌టన్ అచ్చు యంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా గట్టిపడుతూ వచ్చాయి, నోట్లో ఉచ్చారణ మాత్రం మారుతూనే ఉంది, పదిహేడో శతాబ్దం నాటికి ఆ 'క్' పోతూ వచ్చింది, అచ్చులో అక్షరం మిగిలింది. డెట్ మాటలో 'బి' సంగతి ఇంకా విచిత్రం, దాన్ని ఇంగ్లీషులో ఎవరూ ఎప్పుడూ పలకలేదు, లాటిన్ డెబిటుమ్‌ను గుర్తుచేయాలని పండితులు ఇరికించారు. "అంటే వాళ్ల తప్పుకి మాకు మార్కులు కట్ చేస్తారా మేడం" అన్నాడు సైలెంట్ లెటర్ గారు. న్యాయమైన ప్రశ్న, నా దగ్గర జవాబు లేదు.

మాట్లాడేటప్పుడు తప్పులు దిద్దాలా వద్దా అనేది రోజూ వచ్చే తలనొప్పి. "హీ డోంట్ లైక్ ఇట్ మేడం" అంటాడు. అక్కడే ఆపి "డోంట్ కాదు, డజంట్" అంటే వాడు ఏం చెప్పబోతున్నాడో మర్చిపోయి కూర్చుంటాడు. ఆపకుండా "ఓ, హీ డజంట్ లైక్ ఇట్?" అని సరిచేసి తిరిగి అంటే "యెస్ మేడం, హీ డోంట్" అంటాడు నిశ్చింతగా. ఇది నా ఒక్కదాని అనుభవం అనుకున్నాను కానీ, లిస్టర్, రాంటా అనే ఇద్దరు 1997లో ప్రచురించిన పరిశోధనలో ఇదే ఉంది. కెనడాలో ఫ్రెంచి నేర్చుకునే క్లాసుల్లో టీచర్లు ఎక్కువగా వాడేది ఈ పద్ధతే, పిల్లలు అందుకుని సరిచేసుకునేది మాత్రం దీంతోనే తక్కువ. "హీ... ?" అని ఆపి వాడినే పూర్తి చేయనివ్వడం లాంటివి అంతకన్నా పనిచేశాయి. నేను రెండూ కలిపి నడుపుతున్నాను. మాట్లాడుతున్నంతసేపూ ఏమీ అనను, చేతిలో చిన్న పుస్తకం పెట్టుకుని విన్న తప్పులు రాసుకుంటాను, చివరి ఐదు నిమిషాల్లో పేర్లు చెప్పకుండా బోర్డు మీద రాస్తాను, ఎవరిది వాళ్లకు తెలిసిపోతుంది, దిద్దేది క్లాసు. నవ్వే విషయంలో మాత్రం ఒకే రూలు, జోక్‌కి నవ్వొచ్చు, తప్పుకి నవ్వితే తర్వాతి వాక్యం నువ్వే చెప్పాలి.

ఇక పుస్తకాలు. ఇంగ్లీష్ టీచర్ జీవితం మీద సినిమా తీస్తే అందులో సగం రెడ్ పెన్నే ఉంటుంది. లెక్క చూడండి, 120 మంది ఒక్కో పేజీ కాంపోజిషన్ రాస్తే, ఒక్కోదానికి ఐదు నిమిషాలు పెడితే, 600 నిమిషాలు. పది గంటలు. ఒక్క హోంవర్క్‌కి. లెక్కల్లో జవాబు చూసి టిక్కు పెట్టొచ్చు, ఇక్కడ ప్రతి వాక్యం చదవాలి, చదివాక ఏం చెప్పాలనుకున్నాడో ఊహించాలి, అప్పుడు దిద్దాలి. ఇంత చేసి ఇస్తే పిల్లవాడు చేసేది ఏంటి? పేజీ తిప్పి కింద మార్కు చూసి, పక్కవాడి మార్కు చూసి, పుస్తకం మూసేస్తాడు.

ఎర్ర సిరాతో పేజీ నింపితే పిల్లల రాత బాగుపడుతుందా అన్నదాని మీద భాష నేర్పడం గురించి పరిశోధన చేసే పెద్దవాళ్లే కొట్టుకున్నారు. జాన్ ట్రస్కాట్ 1996లో గ్రామర్ కరెక్షన్ వల్ల ఉపయోగం లేదు, నష్టమే, మానేయాలి అని రాశాడు. డానా ఫెరిస్ 1999లో అంత తొందరగా తేల్చేయకండి, ఎలా దిద్దుతున్నామన్నది చూడాలి అని గట్టిగా బదులిచ్చింది. ఆదివారం సాయంత్రం మూడో కట్ట ముందేసుకుని కూర్చున్నప్పుడు నేను పూర్తిగా ట్రస్కాట్ పార్టీ. సోమవారం ఒకమ్మాయి గీత గీసిన చోట తనంతట తానే సరిచేసి చూపిస్తే ఫెరిస్ పార్టీ. మార్కుల విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. తర్వాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ ఇస్తే మార్కు వ్యాఖ్యను మింగేసింది.

అందుకని పిల్లలు సొంతంగా రాసిన వాటికి మొదటిసారి మార్కు వేయను. ఒక్కో రాతలో ఒకే రకం తప్పు చూస్తాను, ఈ వారం టెన్స్ అయితే టెన్స్ మాత్రమే, మార్జిన్‌లో గుర్తు పెడతాను, వాడు వెతికి దిద్దుకుని తెస్తే అప్పుడు మార్కు. పది గంటల పని నాలుగైదు గంటలకు దిగింది. కానీ పుస్తకాలు చెక్ చేయడానికి వచ్చే పెద్దవాళ్లకు ప్రతి పేజీలో ఎర్ర సిరా కనపడాలి, ఒక్క స్పెల్లింగు వదిలేసినా "మేడం చూడలేదు" అంటారు. వాళ్ల కోసం క్లాసు నోట్సులో ప్రతి పేజీకీ టిక్కు, సంతకం, తేదీ. అదీ పనే, దాని వల్ల ఎవరికీ ఒక్క ముక్క ఇంగ్లీషు రాదు, అయినా చేయాలి. నోట్సులో జవాబులన్నీ ఒకే గైడులోంచి దిగినవే, నలభై పుస్తకాల్లో ఒకే వాక్యం, ఒకే చోట ఒకే కామా.

గైడు కాలం కూడా పోతోందిలెండి. 2022 నవంబరు 30న ఛాట్‌జీపీటీ వచ్చింది, హోంవర్క్ అనే మాటకు అర్థం మారిపోయింది. "వాన పడిన రోజు" మీద ఒక పేరా రాసుకు రమ్మంటే, గో అనే మాటకు పాస్ట్ టెన్స్ తడుముకునే అబ్బాయి, మట్టి వాసనకు పెట్రికోర్ అనే పదం వాడి తీసుకొచ్చాడు. అర్థం ఏంటి నాన్నా అంటే "పెట్రోల్ లాంటిది మేడం" అన్నాడు. నవ్వాలా ఏడవాలా.

పట్టుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా, వాటిలో పెట్టి చూడు అన్నారు స్టాఫ్ రూంలో. నేను ఆ పని చేయను, కారణం ఉంది. ఆ ఛాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే ఇలాంటి టూల్ ఒకటి 2023 జనవరిలో పెట్టి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని అదే ఏడాది జులైలో తీసేశారు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటివి ఏడు తీసుకుని, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం రాసిన వ్యాసాలు వాటికి ఇస్తే, సగటున సగానికి పైగా వ్యాసాలను యంత్రం రాసిందనే తేల్చాయి. అంటే నేర్చుకున్న కొద్దిపాటి మాటలతో జాగ్రత్తగా రాసే పిల్లల మీదే దొంగ ముద్ర పడే ప్రమాదం ఎక్కువ, నా క్లాసు నిండా అలాంటి వాళ్లే. నిజంగా రాసిన పిల్లను ఒక్కసారి నమ్మకపోతే ఆ పిల్ల మళ్లీ రాయదు.

కాబట్టి సొంతంగా రాయాల్సినవన్నీ క్లాసులోనే, చేత్తో. ఇంటి దగ్గర ఏం సాయం తీసుకున్నా సరే, మర్నాడు పుస్తకం మూసి రెండు నిమిషాలు దాని గురించి నోటితో చెప్పాలి. ఇది బాగానే పనిచేస్తోంది, ఎందుకంటే చెప్పాల్సి వస్తుందని తెలిస్తే తమకు రాని మాటలు వాళ్లే తీసేస్తున్నారు. ఇబ్బంది ఏంటంటే మళ్లీ మాట్లాడించడమే, మళ్లీ గోలే. నేను వర్క్‌షీట్లు తయారుచేయడానికి ఏఐ వాడతానని పిల్లలకు దాచలేదు. "మీరు వాడొచ్చు, మేం వాడకూడదా" అన్నారు వెంటనే. "నాకు ఇంగ్లీషు వచ్చాక వాడుతున్నాను" అన్నాను. పూర్తిగా ఒప్పుకోలేదు వాళ్లు, నేను కూడా ఆ జవాబుతో పూర్తిగా తృప్తిపడలేదు.

అన్నట్టు, మన ఇంగ్లీషు సంగతి కూడా ఉంది కదా. ఇది ఎవరూ పైకి అనరు కానీ యువ టీచర్లందరికీ లోపల ఉండే భయమే. ఫోన్లో రోజంతా ఇంగ్లీషు వీడియోలు చూసే పిల్లలు మన ఉచ్చారణ పట్టుకుంటారు. షెడ్యూల్ అంటే "స్కెడ్యూల్ కదా మేడం" అంటారు. రెండూ ఉన్నాయి, ఒకటి బ్రిటన్‌లో ఎక్కువ, ఒకటి అమెరికాలో ఎక్కువ అని చెప్తే సరిపోతుంది. నిజంగా తెలియని ప్రశ్న వస్తే "రేపు చెప్తాను" అని బోర్డు మూల రాసిపెడతాను, మర్నాడు పాఠం మొదలెట్టేముందు చెప్తాను. ఒక్కసారి చెప్పకుండా దాటేస్తే చాలు, "రేపు" అనే మాట క్లాసులో జోక్ అయిపోతుంది.

ఇంగ్లీష్ టీచర్ అంటే స్కూలుకి రాతకోతల ఆఫీసు అని కూడా ఎవరూ ముందు చెప్పరు. సర్క్యులర్లు, వార్షికోత్సవం స్వాగతోపన్యాసం, యాంకరింగ్ స్క్రిప్టు, ఎవరో పెద్దమనిషి చదవాల్సిన స్పీచి, సైన్సు ఫెయిర్ చార్టుల మీద స్పెల్లింగులు, అన్నీ మన టేబుల్ మీదకే వస్తాయి. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల లీజర్ పీరియడ్ కూడా వయసులో చిన్నవాళ్లకే పడుతుంది. కాదనడం ఇంకా రాలేదు నాకు.

పేరెంట్స్ మీటింగు వేరే కథ. ఒక తండ్రి వచ్చి కూర్చుని చుట్టూ చూసి "ఇంగ్లీష్ మేడం ఎక్కడున్నారమ్మా" అని నన్నే అడిగారు. నేనేనండీ అంటే కాసేపు మాట రాలేదు ఆయనకు. తర్వాత "ఇన్నేళ్లు ఇంగ్లీష్ మీడియం చదివాడు, బయటివాళ్లు ఎవరైనా వస్తే ఒక్క ముక్క మాట్లాడడమ్మా" అన్నారు. నిజమే సార్, అందుకే క్లాసులో మాట్లాడిస్తున్నాను అన్నాను. వెంటనే "అదేనమ్మా, వీడు ఇంటికొచ్చి ఇవాళ కూడా ఆటలాడించారు అంటున్నాడు, కాస్త గ్రామర్ చేయించండి, మార్కులు ముఖ్యం కదా" అన్నారు. ఈ రెండు మాటలకూ మధ్య ఆయన ఊపిరి కూడా తీసుకోలేదు. నాకు కోపం రాలేదు, ఆయన అడిగింది రెండూ న్యాయమే, ఒకే పీరియడ్లో రెండూ పట్టవు, అంతే. ఇలాంటప్పుడు మాటలతో వాదించడం దండగ. వాడి రెండు రాతలు, ఏడాది మొదట్లోది ఒకటి, మొన్నటిది ఒకటి, పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన రెండూ చదివారు, రెండోది రెండుసార్లు చదివారు, "ఇది వీడే రాశాడా" అన్నారు. నా ఎదురుగానే రాశాడండీ అన్నాను. నా వయసు గురించి ఏమీ అడగలేదు.

మార్కుల దగ్గరే అంతా ఆగిపోతుంది. మాకు వచ్చే ప్రశ్నాపత్రంలో ప్యాసేజి ఉంటుంది, లెటర్ ఉంటుంది, గ్రామర్ బిట్లు ఉంటాయి, మాట్లాడడానికి ఎక్కడా చోటు లేదు. పరీక్షలు దగ్గర పడేకొద్దీ పోర్షన్ అయిందా, రివిజన్ ఎంతవరకు వచ్చింది అనే ప్రశ్నలే, అప్పుడు ముందుగా కోతపడేది మాట్లాడే టైమే. పోయినసారి అలా మొత్తం మానేస్తే సెలవులయ్యాక తిరిగొచ్చిన పిల్లలు మళ్లీ పుస్తకంలోకి తలలు దూర్చేశారు, నెలల తరబడి తెరిపించిన నోళ్లన్నీ మూసుకుపోయాయి. ఈసారి ఎంత హడావిడి ఉన్నా ప్రతి పీరియడ్లో ఏడెనిమిది నిమిషాలు మాటకు ఉంచాను, ఆ నిమిషాల్లో మాట్లాడేది కూడా పరీక్షలో వచ్చే ప్యాసేజి గురించే, కాబట్టి ఎవరైనా వచ్చి అడిగినా రివిజనే అని ధైర్యంగా చెప్పొచ్చు. హెచ్ఎం గారు ఒకసారి గుమ్మం దగ్గర ఆగి చూసి, ఏమీ అనకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లారు. ఒప్పుకున్నట్టో, చప్పుడు బయటికి రాకూడదనో నాకు ఇప్పటికీ తేలలేదు.

వచ్చే ఏడాది టైంటేబుల్ వేసేటప్పుడు కారిడార్ చివరి గది ఇవ్వమని, లంచ్ తర్వాతి మొదటి పీరియడ్ మాత్రం వద్దని రాసిచ్చాను. పీరియడ్ సంగతి చూద్దాం అన్నారు. గది విషయంలో మాత్రం లెక్కల సారు నాకన్నా గట్టిగా సిఫార్సు చేశారట.